వాల్తేరు మెట్ట: సముద్రపుటొడ్డున నివాసం వెదకిన కథ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టడానికి ముందే వచ్చే చిక్కు మరొకటి ఉన్నది. ఎక్కడ కట్టాలి? సుమతీశతకకారుడు దీనికి ఒక సమాధానం చెప్పాడు. అవసరానికి బదులిచ్చే షావుకారు, రోగానికి మందిచ్చే వైద్యుడు, ఏడాది పొడుగునా ఎండని నీటివసతి, శుభాశుభాలకు పురోహితుడు లేని ఊళ్ళో కాపురం వద్దన్నాడు. బడిలో చదువుకొన్న ప్రతివారికీ ఈ పద్యం తెలిసినదే. ఐతే ఈ జాబితాలో గాలి ప్రసక్తి లేదు. సముద్రం ప్రసక్తి అసలే లేదు.

ఇందులో ఆశ్చర్యం లేదు. తెలుగుదేశంలో పూర్వపు రాజధానులు వేంగి, రాజమహేంద్రవరం, ఓరుగల్లు, గోలకొండ వంటివి సముద్రానికి దూరంగా వెలసినవే. సముద్రపుటొడ్డు చేపలు పట్టేవారికీ, ఓడవర్తకులకూ పనిచేసే చోటు. పనిలేనివారు అక్కడ కాపురం ఉండాలని కోరుకొనేవారు కారు. కేవలం గాలి కోసం, ఆరోగ్యం కోసం సముద్రపుటొడ్డున ఇల్లు కట్టుకొనే అలవాటు మన దేశంలో గట్టిగా వేరూనింది గత 200 సంవత్సరాలలోనే. ఆ అలవాటుకు తెలుగుతీరాన ప్రసిద్ధమైన ఉదాహరణ విశాఖపట్నం పక్కనున్న వాల్తేరు.

వాల్తేరును ఎంచుకొన్నవారు మంచి చోటునే ఎంచుకొన్నారు. కాని వారు చెప్పుకొన్న కారణం తప్పు. తప్పు కారణంతో మంచి చోటు ఎట్లా దొరికింది? అసలు కారణం తెలిసిన తరువాత ఏమైంది? ఈ కథలో వైద్యశాస్త్రం, వాతావరణశాస్త్రం, భూగర్భశాస్త్రం మూడూ కలిసి నడుస్తాయి.

కోట, ఉప్పుటేరు

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 17వ శతాబ్దం చివరి పాదంలో విశాఖపట్నంలో వర్తకస్థానం ఏర్పాటు చేసికొన్నారు. వర్తకులకు కావలసింది మొదట గాలి కాదు, రేవు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ అనే కొండ సముద్రంలోకి ముక్కులాగా పొడుచుకొని వస్తుంది. ఆ కొండకు ఉత్తరాన ఒక ఉప్పుటేరు సముద్రంలో కలిసేది. ఏటి ముఖద్వారానికి ఉత్తరపు ఒడ్డున, ఇసుకమీద కోట లేచింది. కోట చుట్టూ పట్టణం పెరిగింది. పాతపట్నంలో ఆ ప్రాంతాన్ని నేటికీ కోట అనే పిలుస్తారు.

ఓడలు ఒడ్డుదాకా వచ్చేవి కావు. ఏటి ముఖద్వారాన్ని ఇసుకతిన్నె మూసివేస్తూ ఉండేది. ఓడలు దూరాన లంగరు వేస్తే, పలకలను కొబ్బరితాళ్ళతో కుట్టి చేసిన మసూలా పడవలలో సరుకును ఒడ్డుకు చేర్చేవారు. ఏరు లోపల మాత్రం విశాలమైన బురదనేల ఉండేది. పోటుకు ఉప్పునీరు లోపలికి పొంగేది, పాటుకు తీసేది. వర్షాకాలంలో కొండవాగుల నీరు వచ్చి అందులో నిలిచేది. పట్టణానికి ముందు సముద్రం, వెనుక బురద. దక్షిణపు గాలికి కొండ కొంత అడ్డు. అందుచేత సముద్రపుటొడ్డునే ఉండి కూడా, వేసవిలో పట్టణం ఉక్కగా ఉండేది. చలిజ్వరాలు తరచుగా వచ్చేవి.

సముద్రానికి దగ్గరగా ఉండడం, సముద్రపుగాలి తగలడం ఒకటి కావు. ఈ తేడాను కోటలోని వారు శరీరాలతో తెలిసికొన్నారు.

మెట్టమీదికి

కోటకు ఉత్తరంగా సుమారు 3 మైళ్ళ దూరాన నేల లేచి మెట్ట అవుతుంది. కొన్నిచోట్ల సముద్రమట్టానికి 200 అడుగులకు పైగా ఎత్తు ఉన్నది. నేల ఎర్రనిది. తూర్పు కనుమలలో విస్తారంగా కనిపించే ఖోండలైటు అనే శిల శిథిలమై ఏర్పడిన మట్టి అది. ఈ శిలకు ఆ పేరు కొండలలో నివసించే ఖోందుల పేరునుబట్టి వచ్చింది. పడిన వాన ఏటవాలుమీద జారి సముద్రంలోకి పోతుంది, లేదా నేలలోకి ఇంకుతుంది. నిలవదు. ముందు అడ్డంలేని సముద్రం. ఆ మెట్టమీదా, దాని కిందా పెదవాల్తేరు, చినవాల్తేరు అనే పల్లెలు ఉండేవి.

కంపెనీ ఉద్యోగులు, సైనికాధికారులు క్రమంగా కోటను విడిచి ఈ మెట్టమీద బంగళాలు కట్టుకొన్నారు. 19వ శతాబ్దంలో వాల్తేరు దొరల పేట అయింది. కచేరీలు, వర్తకం, జనం పట్టణంలోనే ఉండగా, అధికారుల నివాసం మెట్టమీదికి మారింది. తరువాత జమీందారులు కూడా తీరం వెంబడి మేడలు కట్టించారు. జయపురం మహారాజావారి మేడ నేటికీ సముద్రతీరపు రోడ్డుమీద కనిపిస్తుంది. దాని పేరే హవామహలు, అనగా గాలిమేడ. ఆ కాలపువారు వాల్తేరులో దేనిని వెదకారో ఆ పేరే చెబుతున్నది.

19వ శతాబ్దం చివరి దశకంలో తూర్పుతీరపు రైలుమార్గం వచ్చినప్పుడు స్టేషనుకు వాల్తేరు అనే పేరు పెట్టారు. పట్టణం పేరు కాక పేట పేరు రైలు టిక్కెట్టుమీదికి ఎక్కింది. 1987లో గాని స్టేషనుకు విశాఖపట్నం అనే పేరు రాలేదు.

చెడుగాలి అనే నమ్మకం

ఆ కాలపు వైద్యుల దృష్టిలో చలిజ్వరానికి కారణం చెడుగాలి. కుళ్ళిన ఆకులు, బురద, నిలవనీరు ఉన్నచోట నేలనుండి ఒక విషవాయువు లేస్తుందని, రాత్రివేళ అది పొగమంచులాగా నేలను అంటిపెట్టుకొని ఉంటుందని, దానిని పీల్చినవారికి జ్వరం వస్తుందని నమ్మేవారు. మలేరియా అనే మాటకు ఇటలీ భాషలో చెడుగాలి అనే అర్థం. ఈ నమ్మకం ప్రకారం జ్వరానికి మందు ఎత్తైన నేల, వీచే గాలి. బురదకు దూరంగా, ఎత్తుగా, గాలికి ఎదురుగా ఉన్న చోట ఇల్లు కడితే చెడుగాలి కొట్టుకొనిపోతుంది. వాల్తేరు మెట్టకు ఈ లక్షణాలన్నీ ఉన్నవి. జ్వరాలు తగ్గినవి కూడా. కనుక సిద్ధాంతం నిజమేనని తోచింది.

ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. ఒక సిద్ధాంతాన్ని నమ్మి ఒక పని చేసినప్పుడు ఆ పని ఫలిస్తే, సిద్ధాంతం నిజమని తేలినట్లు కాదు. మరొక కారణంవల్ల కూడా అదే ఫలితం రావచ్చును. సిద్ధాంతం నిలుస్తుందో లేదో చూడాలంటే అది తప్పిపోయే చోటును వెదకాలి.

అటువంటి చోటు ఆ జిల్లాలోనే ఉన్నది. అరకులోయకు పైన గాలికొండ అనే శిఖరం ఉన్నది. ఎత్తు 5,000 అడుగులకు పైమాటే. పేరులోనే గాలి ఉన్నది. చల్లని చోటు. విశాఖపట్నంలోని తెల్లసైనికులకు ఆరోగ్యస్థానంగా దానిని తీర్చిదిద్దాలని 1860 ప్రాంతంలో ప్రయత్నించారు. వెళ్ళినవారిని మన్యపుజ్వరం పట్టుకొన్నది. ప్రయత్నం విడిచిపెట్టవలసి వచ్చింది. ఎత్తు ఉన్నది, గాలి ఉన్నది, కుళ్ళుబురద లేదు. ఐనా జ్వరం ఉన్నది. చెడుగాలి సిద్ధాంతం దీనికి జవాబు చెప్పలేకపోయింది.

గాలిని కొలిచినవారు

వాల్తేరు గాలి మంచిదని అందరూ చెప్పుకొనేవారే గాని, ఎంత వీస్తుంది, ఎటునుండి వీస్తుంది, ఎప్పుడు మారుతుంది అనే లెక్క మొదట ఉండేది కాదు. ఆ లెక్కకు విశాఖపట్నంలో పునాది వేసినవారు తెలుగువారే. మద్రాసు నక్షత్రశాల అధిపతి టేలరు వద్ద ఖగోళశాస్త్రం నేర్చిన గోడే వెంకట జగ్గారావుగారు 1840లో డాబాగార్డెన్సులోని తమ స్వంత స్థలంలో నక్షత్రశాలను నెలకొల్పారు. 1856లో వారు గతించిన తరువాత, వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని సాగించారు. డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తూ ఆయన ఖగోళ పరిశీలనలతోపాటు వాతావరణ పరిశీలనలు కూడా చేయించి ప్రచురించారు. 1871లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా చేర్చుకొన్నది.

సముద్రపుగాలికి కారణం తెలిసికొనడం కష్టం కాదు. నీటి విశిష్టోష్ణం మట్టి విశిష్టోష్ణం కంటె చాలా ఎక్కువ. అంటే ఒకే వేడిమి తగిలినా నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. పైగా సముద్రంలో వేడి అలలతో కలిసి లోతుకు పంచుకొనబడుతుంది, కొంత నీటిని ఆవిరి చేయడంలో ఖర్చవుతుంది. నేల ఐతే పైపొర మాత్రమే కాగుతుంది. పగలు నేలమీది గాలి వేడెక్కి, తేలికై, పైకి లేస్తుంది. దాని స్థానంలోకి సముద్రంమీది చల్లనిగాలి వస్తుంది. ఇదే సముద్రపవనం. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది కనుక గాలి నేలనుండి సముద్రానికి వీస్తుంది. ఇది భూపవనం.

ఐతే తెలుగుతీరాన మే నెలలో పడమటి వడగాలి బలంగా వీచినరోజు సముద్రపవనం ఒడ్డుకు రాలేదు, లేదా ఆలస్యంగా వస్తుంది. ఆ రోజు సముద్రపుటొడ్డున కూడా ఎండ మండిపోతుంది. సముద్రపవనం వచ్చిన రోజున చల్లదనంతోపాటు తేమ కూడా వస్తుంది. తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట ఆరితేనే శరీరం చల్లబడుతుంది. కనుక తీరవాసికి చల్లనిగాలి మాత్రమే చాలదు, ఆ గాలి కదులుతూ ఉండాలి. మెట్టమీది ఇంటికీ, గోడల మధ్య ఇరుక్కొన్న కోటలోని ఇంటికీ తేడా ఇక్కడనే ఉన్నది. ఉష్ణమాపకం రెండుచోట్లా ఇంచుమించు ఒకే అంకె చూపినా శరీరానికి తోచే వేడి వేరు.

చల్లదనం సంగతి ఇట్లా తేలింది. జ్వరం సంగతి ఇంకా మిగిలి ఉన్నది.

దోమ చెప్పిన జవాబు

1880లో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో మలేరియా రోగి రక్తంలో ఒక సూక్ష్మజీవిని చూశాడు. ఆ జీవి ఒకరినుండి మరొకరికి ఎట్లా చేరుతున్నది? 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ ఒక రకం దోమ కడుపులో ఆ సూక్ష్మజీవి పెరగడాన్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. మరుసటి సంవత్సరం పక్షుల మలేరియాలో దాని ప్రయాణం పూర్తిగా తేల్చాడు. అదే కాలంలో ఇటలీ శాస్త్రజ్ఞులు మనుష్యుల మలేరియాను వ్యాపింపజేసేది అనాఫిలీసు దోమ అని నిరూపించారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం లభించింది.

ఇప్పుడు వాల్తేరు మెట్ట కథను తిరిగి చదివితే ప్రతి మాటకూ కొత్త అర్థం వస్తుంది. బురద చెడ్డది. దాని వాసనవల్ల కాదు, నిలవనీటిలో దోమపిల్లలు పెరగడంవల్ల. మన తీరాలలో కొద్దిపాటి ఉప్పునీటిలో కూడా పెరిగే అనాఫిలీసు జాతి ఉన్నది. రాత్రిగాలి చెడ్డది. అందులో విషం ఉండడంవల్ల కాదు, అనాఫిలీసు రాత్రివేళ కుట్టడంవల్ల. ఎత్తైన ఏటవాలు నేల మంచిది. ఎత్తుకు ఏ మహిమా లేదు, నీరు నిలవకపోవడమే దాని గుణం. వీచే గాలి మంచిది. అది చెడుగాలిని తరమడంలేదు, దోమ బలమైన గాలిలో ఎగరలేదు. ఇక దూరం. అనాఫిలీసు దోమ సాధారణంగా పుట్టిన చోటునుండి ఒకటి రెండు కిలోమీటర్లకు మించి పోదు. కోట బురదకూ వాల్తేరుకూ నడుమ 3 మైళ్ళు, అంటే సుమారు 5 కిలోమీటర్లు. దొరలు తెలియకుండానే దోమ ఎగరలేని దూరానికి జరిగారు.

గాలికొండ చిక్కు కూడా విడిపోయింది. మన్యంలో మలేరియాను వ్యాపింపజేసే ఒక అనాఫిలీసు జాతి కుళ్ళునీటిలో కాక, నెమ్మదిగా పారే స్వచ్ఛమైన సెలయేటి అంచులలో పెరుగుతుంది. ముక్కుకు తగిలే వాసననుబట్టి జ్వరాన్ని ఊహించేవారికి ఆ నీటిలో ప్రమాదం కనిపించదు.

ఈ జవాబులో మరొక ముఖ్యమైన విషయం ఉన్నది. చెడుగాలి సిద్ధాంతం నిజమైతే, బురద పక్కన ఉండవలసిన బీదవానికి గతి లేదు. లేచి పోవడమే మార్గం. పోగలిగినవారు పోయారు. 1901 జనాభా లెక్కలలో విశాఖపట్నంలో సుమారు 41 వేలమంది ఉన్నారు. వారిలో మెట్టమీద బంగళా కట్టుకొనగలిగినవారు ఎందరు? దోమ సంగతి తెలిసిన తరువాత పారిపోవడం ఒక్కటే మార్గం కాదు. నీరు నిలవకుండా చేయవచ్చును, దోమతెర కట్టుకొనవచ్చును, క్వినైను వేయవచ్చును. ఆరోగ్యం పేట మారినవారి సొత్తుగా ఉండవలసిన పనిలేదు. ఉన్నచోటునే బాగుచేసికొనవచ్చునని సైన్సు చెప్పింది.

బురద రేవైంది

20వ శతాబ్దం మొదటి భాగంలో విశాఖపట్నానికి రెండు పెద్ద మార్పులు వచ్చినవి.

మొదటిది విశ్వవిద్యాలయం. 1926లో బెజవాడలో ఆరంభమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరుకు మారింది. దొరలు విశ్రాంతికి ఎంచుకొన్న మెట్టమీద తెలుగు విద్యార్థులకు ప్రయోగశాలలు లేచినవి. కట్టమంచి రామలింగారెడ్డిగారు, సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఉపాధ్యక్షులుగా దానిని పెంచారు.

రెండవది రేవు. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఎగుమతి చేయడానికి తూర్పుతీరాన లోతైన రేవు కావలసి వచ్చింది. ఇంజనీర్ల కన్ను ఉప్పుటేటి బురదమీద పడింది. జ్వరాలకు పుట్టిల్లు అని అందరూ తప్పించుకొన్న పల్లమే, చుట్టూ కొండలు కాపలా కాసే సహజమైన ఓడరేవు. బురదను తవ్వి ఓడలు తిరిగే లోతు చేశారు. తవ్విన మట్టితో చుట్టుపట్ల పల్లపు నేలను ఎత్తుచేశారు. ఏటి ముఖద్వారంలోకి ఇసుక రాకుండా డాల్ఫిన్స్ నోస్ దగ్గర రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్ట వేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ కొత్త రేవులో ప్రవేశించింది.

వాల్తేరు మెట్టకు జనాన్ని తరిమిన బురద చాలావరకు ఈ విధంగా మాయమైంది. ఊరు గెలిచినట్లే కనిపించింది. కాని తీరాన ఒకచోట చేసిన పని మరొకచోట లెక్కకు వస్తుంది.

ఇసుక నదిలాగా నడుస్తుంది

సముద్రపుటొడ్డున ఇసుక నిలకడగా ఉన్నట్లు కంటికి తోస్తుంది. అది నిజం కాదు. విశాఖ తీరం నైరుతినుండి ఈశాన్యానికి పరచుకొని ఉన్నది. సంవత్సరంలో ఎక్కువ నెలలు అలలు దక్షిణపు దిక్కునుండి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. అల వచ్చేటప్పుడు ఇసుకను ఏటవాలుగా పైకి తోస్తుంది, తిరిగిపోయేటప్పుడు తిన్నగా కిందికి లాగుతుంది. ఈ రంపపుపళ్ళ దారిలో ప్రతి ఇసుకరేణువూ అలకు కొంత చొప్పున ఉత్తరానికి నడుస్తుంది. ఈశాన్య ఋతుపవనకాలంలో కొన్నాళ్ళు వెనుకకు నడుస్తుంది. మొత్తంమీద లెక్కకడితే ఉత్తరపు నడకే ఎక్కువ. తీరం ఒక నిలిచిన వస్తువు కాదు, ఇసుక పారే నది.

నదికి ఆనకట్ట వేస్తే ఎగువన నీరు నిలుస్తుంది, దిగువన ఎండుతుంది. ఇసుకనదికి కూడా ఇంతే. రేవు ముఖద్వారంలో ఇసుకను ఆపితే దక్షిణాన ఇసుక పేరుకొంటుంది. ఉత్తరాన ఉన్న తీరానికి రావలసిన ఇసుక రాదు, పోయే ఇసుక మాత్రం పోతూనే ఉంటుంది. ఉత్తరాన ఉన్నదేమిటి? పట్టణపు సముద్రతీరం, దానికి ఆవల వాల్తేరు తీరం. బురదను బాగుచేసిన పని తీరాన్ని కోతకు గురిచేసింది.

దీనిని శాస్త్రీయంగా పరిశీలించిన ఘనత ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు దక్కింది. 1952లో అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు లాఫాండ్ వాల్తేరుకు వచ్చి ఇక్కడి ఆచార్యులతో, విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని పరిశోధించాడు. ఆయన, ప్రసాదరావుగారు కలిసి వాల్తేరు దగ్గర ఒడ్డు ఋతువునుబట్టి కోసుకొనిపోవడం, తిరిగి పూడడం గురించి వ్రాసిన వ్యాసం 1954లో వెలువడింది. గాలి కోసం ఎంచుకొన్న మెట్ట సముద్రాన్ని చదివే బడి అయింది.

తరువాత రేవు పెరిగింది. 1976లో వెలుపలి రేవు ఏర్పడి, పొడవైన రాతికట్టలు సముద్రంలోకి వెళ్ళినవి. అడ్డు పెరిగినకొద్దీ ఉత్తరపు తీరానికి లోటు పెరిగింది. అందుచేత దక్షిణాన చేరిన ఇసుకను యంత్రాలతో తవ్వి, గొట్టాలద్వారా నగరపు బీచికి పంపే ఏర్పాటు చేశారు. ప్రకృతి ఉచితంగా చేసిన పనిని మనిషి ఖర్చుపెట్టి చేయవలసి వచ్చింది. ఒక్క సంవత్సరం ఈ పని సరిగా సాగకపోతే తీరపు గోడలకే ముప్పు వస్తుంది.

గాలే గాలివాన ఐనప్పుడు

సముద్రపుగాలికి ఎదురుగా ఇల్లు కట్టుకొన్నవారు తుపానుకు కూడా ఎదురుగానే కట్టుకొన్నట్లు. 1876 అక్టోబరులో విశాఖపట్నాన్ని తాకిన తుపానుమీద జాన్ ఇలియట్ వ్రాసిన నివేదిక మన దేశపు తుపానుల అధ్యయనంలో తొలినాటి ముఖ్యగ్రంథాలలో ఒకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖపట్నం వద్దనే తీరాన్ని దాటింది. గాలివేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. చెట్లు కూలినవి, కిటికీలు పగిలినవి, కొండలు పచ్చదనం కోల్పోయినవి.

ఐతే ఆ రోజు సముద్రం మామూలు పోటుకంటె పొంగిన ఎత్తు విశాఖ రేవు కొలతప్రకారం సుమారు 1.4 మీటర్లు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఎత్తు 5 మీటర్ల దాకా ఉన్నది. అక్కడ సుమారు 10 వేలమంది మరణించారు. తేడా ఎక్కడున్నది? తుపానుల బలంలో తేడా కొంత. నేల తీరులో తేడా చాలా. కృష్ణ ముఖద్వారం వద్ద నేల పళ్ళెంలాగా చదునైనది, సముద్రపు అడుగు కూడా మెల్లగా లోతవుతుంది. అటువంటి చోట గాలి తోసిన నీరు పేరుకొని మైళ్ళకొద్దీ లోపలికి వస్తుంది. విశాఖ వద్ద నేల త్వరగా లేస్తుంది. మెట్టమీది ఇంటిని తుపాను గాలితో కొడుతుంది, నీటితో ముంచలేదు. 19వ శతాబ్దపువారు జ్వరానికి భయపడి ఎక్కిన ఎత్తు ఉప్పెననుండి కూడా కాపాడుతున్నది. ఈ మేలును వారు అంతగా తలచి ఉండరు.

కాని అందరి ఇళ్ళూ మెట్టమీద లేవు. జాలరుల పేటలు ఇసుకమీదనే ఉన్నవి. తెప్పను, వలను కంటికి ఎదురుగా ఉంచుకొనవలసిన వృత్తి వారిది. దొరకు గాలి కావలసి వచ్చి తీరానికి వచ్చాడు, నచ్చకపోతే పోగలడు. జాలరికి తీరమే పొలం. కోత మొదట అతని పేటనే తాకుతుంది, తుపాను మొదట అతని కప్పునే ఎగరగొడుతుంది. సముద్రపుటొడ్డున నివాసం ఎంచుకొనడం గురించి మాట్లాడేటప్పుడు, ఎంచుకొనే అవకాశమే లేనివారిని లెక్కలో నుండి తీసివేయరాదు.

ఇప్పుడు ఎంచుకొనేవారికి

2011 జనాభా లెక్కలప్రకారం విశాఖ మహానగరంలో 17 లక్షలకు పైగా జనం ఉన్నారు. వాల్తేరు ఇప్పుడు పొలిమేర కాదు, నగరపు నడిబొడ్డు. పేట ఇంకా ఉత్తరానికి, భీమునిపట్నం వైపు పాకుతున్నది. సముద్రం కనిపించే ఇంటికి గిరాకీ తగ్గలేదు. మరోవైపు ఉత్తర హిందూ మహాసముద్రపు మట్టం 1993 తరువాత సంవత్సరానికి సుమారు 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతున్నట్లు శాస్త్రజ్ఞుల లెక్క. ఇది చిన్న అంకెగా తోచవచ్చును. వాలు తక్కువైన ఇసుకతీరాన నీరు కొద్దిగా లేస్తే చాలు, ఒడ్డు చాలా మీటర్లు వెనుకకు పోతుంది. 1991లో కేంద్రప్రభుత్వం తీరప్రాంత నియంత్రణ ప్రకటన చేసి, పోటుగీతకు 500 మీటర్లలోపు కట్టడాలకు కట్టుబాట్లు విధించడానికి ఇటువంటి కారణాలే ఉన్నవి. ఆ నియమాలు తరువాత కొన్నిసార్లు మారినవి.

వాల్తేరు కథ తెలిసినవారు ఇల్లు వెదకేటప్పుడు సముద్రం ఎంత దగ్గర అని మాత్రమే అడగరు. పడిన వాన ఎటు పోతుంది? పక్కన నీరు నిలిచే పల్లం ఉన్నదా? పోటుకు, ఉప్పెనకు నేల ఎంత ఎత్తున ఉన్నది? ఎదుటనున్న ఇసుక ఎక్కడనుండి వస్తున్నది, దానిని దారిలో ఎవరైనా ఆపుతున్నారా? ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుము తుప్పుపట్టకుండా ఏ జాగ్రత్త తీసికొన్నారు? ఈ ప్రశ్నలకు జవాబులు ఇంటి గోడలలో దొరకవు. ఊరి నేలలో, నీటిలో, చరిత్రలో దొరుకుతాయి.

తీరప్రాంతపు పాఠశాలలకు ఇందులో సులభమైన ప్రయోగం ఒకటి ఉన్నది. ఒడ్డుకు ఎగువన కదలని గుర్తు ఒకటి, కరెంటు స్తంభమో పాతగోడో, ఎంచుకొనాలి. ప్రతి నెలా పౌర్ణమినాడు, ఉపాధ్యాయుడు వెంట ఉండగా, పోటు తీసి నీరు అన్నిటికంటె వెనుకకు పోయిన వేళ ఆ గుర్తునుండి నీటి అంచుదాకా టేపుతో కొలవాలి. 12 నెలల అంకెలను గీతలకాగితంమీద గుర్తిస్తే ఒడ్డు ఊపిరి తీసి విడుస్తున్నట్లు ఒక వంకరగీత ఏర్పడుతుంది. 5 సంవత్సరాలు వరుసగా కొలిస్తే ఆ గీత మొత్తంమీద సముద్రంవైపు జరుగుతున్నదో, ఊరివైపు జరుగుతున్నదో తెలుస్తుంది. ఊరికి పేరు తెచ్చిన వైశాఖేశ్వరుని గుడిని పూర్వం సముద్రం మింగిందని విశాఖలో పెద్దలు చెప్పుకొనే మాట ఒకటి ఉన్నది. ఆ మాటలో చరిత్ర ఎంతో తేల్చడం కష్టం. ఒడ్డు నేడు ఎటు నడుస్తున్నదో తేల్చడానికి మాత్రం ఒక టేపు, ఒక నోటుపుస్తకం, ఓపిక చాలును.